పేడను ఉండ చుట్టని పేడపురుగు

ప్రశ్న: దక్షిణాఫ్రికా పశ్చిమ తీరంలో పనిచేస్తున్న మా అబ్బాయి ఒక వీడియో పంపాడు. ఇసుకతిన్నె మీద ఓ పేడపురుగు ఎండు పెంటికను వెనక కాళ్లతో పట్టుకుని ముందుకు ఈడ్చుకుపోతోంది. మన పేడపురుగు ఉండ చేసి వెనక్కి నడుస్తూ దొర్లిస్తుంది కదా! ఇదేం తీరు? రెండు పట్టి సీసాలో పెడితే బతుకుతాయా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ వర్ణనను బట్టి అది పాకిసోమా. వీటిలో 13 జాతులున్నాయి. దక్షిణాఫ్రికా, నమీబియాల పశ్చిమ తీరపు ఇసుకల్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఎగరలేవు కాబట్టి ఒకచోట అంతరిస్తే మరోచోటి నుంచి వచ్చి చేరడం కష్టం.

పచ్చి పేడైతే ఉండ కడుతుంది, ఎండు పెంటిక కట్టదు. అందుకని ఇది ముందు బొరియ తవ్వి, తర్వాత తిండికి బయల్దేరుతుంది. పెంటికలు, ఎండిన ఆకూఅలమూ కొద్దికొద్దిగా చేరవేసి, అడుగున ఇసుక చెమ్మగా ఉండే లోతులో దాస్తుంది. అక్కడ అవి నానతాయి. పచ్చి పేడ తినే ఎదిగిన పేడపురుగులు మెత్తటి రేణువులనే వడగట్టి తింటాయి. దీని దవడలు పీచును కూడా నమలగలవు.

ఇన్ని విడతలు తిరగాలంటే ఇల్లు గుర్తుండాలి. వెతుకుతూ వంకరటింకరగా వెళ్లినా తిరుగుదారి మాత్రం దాదాపు తిన్నగా ఉంటుంది. చెట్టూపుట్టా ఆనవాళ్లతో పనిలేదు. ఎటు, ఎంత దూరం నడిచిందో తనే లెక్క పెట్టుకుంటుంది. ఎండ్రోడై అనే జాతి మీద 2020లో వెలువడిన పరిశోధన దీన్ని తేల్చింది. తిండితో వస్తున్న పురుగును ఎత్తి వేరేచోట పెడితే, అదే దిక్కున అంతే దూరం నడిచి, లేని బొరియ కోసం అక్కడే చుట్లు తిరిగింది. కాబట్టి ఫొటో కోసం చేతిలోకి తీసుకుని పక్కన వదలడం, చూడ్డానికి చిన్న పనే అయినా, దానికి ఇల్లు లేకుండా చేయడమే. కొత్తగా తవ్విపోసిన ఇసుక కనిపిస్తే బొరియ మీద అడుగు పడకుండా దూరంగా కూర్చుని చూడమనండి.

మూడు జాతులు గుర్రంలా దౌడు తీస్తాయి: ముందు జత కాళ్లు ఒకేసారి, ఆపై మధ్య జత ఒకేసారి పడతాయి, వెనక జత ఈడ్చుకు వస్తుంది. 2013లో బయటపడిన ఈ నడక వేగం కోసం కాదు. అడుగుల లెక్క చెడకుండా ఉండటానికేమోనని ఒక ఊహ.

సీసా మాట వదిలేయండి. తిన్నెలో పైన పొడి, కింద చెమ్మ. సీసాలో నీళ్లు చల్లితే పైన తడి, కింద పొడి. పొడి ఇసుకలో బొరియ నిలవదు, పెంటిక నానదు. పైగా రక్షిత ప్రాంతాల్లో అనుమతి లేకుండా పట్టడం నేరం.