సుందరయ్య గారి జీవితం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన కాగితాల కట్ట అందింది. మొత్తం చదివాను. మన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి సైకిల్ నాలుగో పేజీలో మొదలై చివరి పేజీ దాకా తిరుగుతూనే ఉంది. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు, అసెంబ్లీకి సైకిల్ మీద వెళ్లారు. సరే, వెళ్లారు, నిజమే, అది తెలియనివాళ్లు ఎవరున్నారు? సైకిల్‌కు స్టాండు వేసి లోపలికి వెళ్లిన మనిషి లోపల ఏం చేశారో చెప్పమంటే మాత్రం నీ దగ్గర ఉన్నది ఒకటిన్నర పేజీ. 1955 నుంచి 1967 దాకా, మళ్లీ 1978 నుంచి 1983 దాకా శాసనసభలో ఉన్న మనిషికి ఒకటిన్నర పేజీ! అందులోనూ "ప్రజాసమస్యలపై గళమెత్తారు" అన్న వాక్యం మూడుసార్లు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఆయన పుట్టిన ఊరు అలగానిపాడు అధ్యాయం బాగుంది. సొంతవాళ్ల కళ్లెదుటే ఊళ్లో కూలీల సంఘం కట్టిన భాగం చదువుతూ ఉంటే గొంతు పట్టేసింది. దాన్ని ముట్టుకోకు.

ఇక నా మాట ఒకటే. శాసనసభ్యుడి జీవితం రాసేవాళ్లు ముందుగా సభలో ఆయన చేసిన పని రాయాలి. జైలు, త్యాగం, నిరాడంబరత రాయొద్దని కాదు. ఆ మూడూ ఆ తరంలో చాలామందికి ఉన్నాయి. వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులు గారికీ ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ పేరు లేని ఊరి కార్యకర్తలకీ ఉన్నాయి. వాళ్లలో కొద్దిమందే సభలో నాయకులుగా నిలబడ్డారు. ఎలా నిలబడ్డారన్నదే నువ్వు రాయాల్సిన పుస్తకం.

1955నే తీసుకో. అప్పటికి ఆయన రాజ్యసభ సభ్యుడు, 1952 నుంచి అక్కడ కమ్యూనిస్టుల నాయకుడు. ఢిల్లీలో అంత హోదా ఉన్న మనిషి గన్నవరం వచ్చి అసెంబ్లీకి ఎందుకు పోటీ చేసినట్టు? "ప్రజలకు దగ్గరగా ఉండాలని" అని ఒక్క ముక్క రాసి దాటేశావు. అంత తేలిక కాదమ్మా. అప్పటి ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం వ్యవహారంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఎన్నికలొచ్చాయి. ఈసారి ప్రభుత్వం మాదేనని కమ్యూనిస్టులు గట్టిగా నమ్మారు. అవతల కాంగ్రెస్ మరికొన్ని పక్షాలను కలుపుకుని ఒకే కూటమిగా దిగింది. లెక్కపెడితే కమ్యూనిస్టులకు ఓట్లేమో దాదాపు 31 శాతం, సీట్లు 196లో 15. ప్రభుత్వం నడుపుదామనుకున్న పార్టీ పదిహేను మందితో ప్రతిపక్షంలో కూర్చుంది. ఆయన గెలిచారు కానీ ఏ సభకని వచ్చారో ఆ సభ దొరకలేదు. మొదటి రోజు అప్పటి రాజధాని కర్నూలులో ఆ బల్ల మీద కూర్చున్న మనిషిని నువ్వు నాకు చూపించాలి కదా.

ఎదురుగా ముఖ్యమంత్రి ఎవరు? మన బెజవాడ గోపాలరెడ్డి గారు. నెల్లూరు నుంచి చూస్తే ఇద్దరూ పెన్నకు అవతలి ఒడ్డువాళ్లే, గోపాలరెడ్డి గారిది బుచ్చిరెడ్డిపాళెం, సుందరయ్య గారిది అలగానిపాడు, ఇద్దరూ భూములున్న రెడ్ల ఇళ్లలో పుట్టినవాళ్లే. ఒకాయన శాంతినికేతన్‌లో చదువుకుని, టాగూరును తెలుగు చేసి, 1937లో దాదాపు ముప్ఫై ఏళ్ల వయసులో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఇంకొకాయన పదిహేడేళ్లకే ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకెళ్లి, సుందరరామిరెడ్డి అన్న పేరులో రెడ్డి తీసేసి, తన వాటా ఆస్తి పార్టీకిచ్చేశారు. ఒకే నీళ్లు తాగి పెరిగిన ఇద్దరు ఒకే సభలో ఎదురెదురుగా కూర్చున్నారు. నువ్వు విడవలూరు పిల్లవి. ఇంకెవరు రాస్తారు దీన్ని? నీ పుస్తకంలో గోపాలరెడ్డి గారి పేరే లేదు! నెల్లూరు మనిషి మూడుసార్లూ కృష్ణా జిల్లా గన్నవరం నుంచే ఎందుకు గెలిచారో, సొంత జిల్లాకు ఆయనకు మధ్య ఏం జరిగిందో, అదీ లేదు. వెళ్లి అడుగు, చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు.

1956 నవంబరు 1 తర్వాత సభ హైదరాబాదు చేరింది. 1957లో తెలంగాణలో మాత్రమే ఎన్నికలు జరిగాయి, మనవైపు 1955లో గెలిచినవాళ్లు 1962 దాకా కొనసాగారు. అక్కడ కమ్యూనిస్టుల వేదికైన పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) సభ్యులు వచ్చి కలిశాక ప్రతిపక్షం రూపే మారిపోయింది. 1962 ఎన్నికల్లో కమ్యూనిస్టులు 51 మంది గెలిచారు. పదిహేనుకూ యాభై ఒకటికీ మధ్య ఉన్న ఆ ఏడేళ్లే నీ పుస్తకానికి నడుము.

అవి ఎక్కడ దొరుకుతాయంటావా? అసెంబ్లీ చర్చల సంపుటాల్లో. తీసి చూడు. ఎడమ పక్కన ప్రశ్న నంబరు ఉంటుంది, తర్వాత సభ్యుల పేర్లు, ప్రశ్న ఎ, బి, సి అని ముక్కలుగా. మంత్రి జవాబు "అవునండి", "లేదండి", "ప్రశ్న ఉత్పన్నం కాదు", "సమాచారం సేకరిస్తున్నాం". కొత్తగా చూసేవాళ్లు విసుగొచ్చి అక్కడే మూసేస్తారు. నువ్వు మూయకు. అసలు పని ఆ తర్వాత, జవాబు మీద అప్పటికప్పుడు అడిగే అనుబంధ ప్రశ్నల్లో ఉంటుంది. మొదటి జవాబు అధికారులు రాసిచ్చిన కాగితం, దాన్ని ఎవరైనా చదివేస్తారు. అనుబంధ ప్రశ్నకు ఆ కాగితం సరిపోదు. వెనకాల నుంచి అధికారి చీటీ పంపేలోపు ఇంకో ప్రశ్న పడుతుంది. ఏ కాలవ కింద ఎన్ని ఎకరాలు, ఎంత నీళ్లు, ఎంత ఖర్చు అన్నది నోటికి వచ్చిన సభ్యుడు లేస్తే మంత్రికి టెన్షన్ మొదలవుతుంది. సుందరయ్య గారు నదీజలాల లెక్కలు కూర్చుని వేసుకున్న మనిషి. అలాంటి మనిషి ప్రాజెక్టుల పద్దు మీద, అంటే బడ్జెట్‌లో వాటికి ప్రభుత్వం అడిగే డబ్బు మీద, మాట్లాడిన రోజు వెతుకు. పద్దులో వంద రూపాయలు తగ్గించాలని కోత తీర్మానం ఎందుకిస్తారో తెలుసా? వంద రూపాయల కోసం కాదు, ఆ పేరుతో ఒక ఊరి గోడు సభలో చెప్పుకునే అవకాశం కోసం. పార్టీకి ఇచ్చే సమయం బలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, పదిహేను మంది ఉన్నప్పుడు ఏ పద్దు మీద ఎవరు మాట్లాడాలి, ఎవరు ఊరుకోవాలి అన్నది నాయకుడు తేల్చాలి. అక్కడ కనపడుతుంది నాయకత్వం, దండల్లో కాదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పత్రికకు కోవూరు వైపు కంట్రిబ్యూటర్‌ని, అంటే జీతం లేని విలేకరిని. అచ్చయిన వార్తలు కత్తిరించి, అతికించి, స్కేలుతో కొలిచి, అచ్చయినంత మేరకు డబ్బులిమ్మని నెలాఖరున లైన్ ఎకౌంట్ పంపేవాళ్లం, ఆ డబ్బులు బస్సు చార్జీలకు కూడా చాలేవి కావు. మా వైపు ఒక మాజీ ఎమ్మెల్యే ఉండేవారు. కాలవ చివరి భూములకు నీళ్లు అందడం లేదని సభలో ఏళ్ల తరబడి అడిగిన మనిషి. ఒక పెద్దాయన చేత ఉత్తరం రాయించుకుని, హైదరాబాదు వెళ్లి, అసెంబ్లీ లైబ్రరీలో కూర్చుని ఆ ప్రశ్నలన్నీ చేత్తో ఎక్కించుకొచ్చాను. ఆయన పోయిన రాత్రి వాటితో వ్యాసం రాసి, బస్సులో కవర్ వేసి పంపాను. మర్నాడు పేపర్లో "నిరాడంబరుడు, మృదుభాషి, అజాతశత్రువు" అని ఉంది, పక్కన మనవరాలిని ఎత్తుకున్న ఫోటో ఉంది. ప్రశ్న ఒక్కటీ లేదు. ఫోన్ చేస్తే ఎడిటర్ గారు "అవన్నీ ఎవరు చదువుతారండీ, మానవీయ కోణం కావాలి" అన్నారు. ఆయన అడగ్గా అడగ్గా ఒక తూము బాగుపడి, బీడు పడ్డ చివరి పొలాల్లో మళ్లీ నాట్లు పడ్డాయి. ఆ నాట్లు వేసినవాళ్లు మనుషులు కారా? ఆ మాట నన్ను ఇప్పటికీ మంటెక్కిస్తుంది. ఇప్పుడు అదే జబ్బు ఇంకా ముదిరింది. పుట్టినరోజు ప్రత్యేక సంచికలు, అనుచరులు డబ్బిచ్చి వేయించుకునే పుస్తకాలు, నిమిషంలో అయిపోయే స్ఫూర్తి వీడియోలు. మొన్న ఒక ప్రచురణకర్త నాతోనే అన్నాడు, నాయకుల పుస్తకాల్లో అంకెలుంటే అమ్ముడుపోవట. నేను లేచి వచ్చేశాను.

నువ్వు అలాంటివి చదివే పెరిగావు, అందుకే సైకిల్ దగ్గర ఆగిపోయావు. నీలో చేవ లేక కాదు.

ఇంకొకటి. 1964 చివర్లో కలకత్తా మహాసభలో ఆయన, కమ్యూనిస్టు పార్టీ చీలి కొత్తగా వచ్చిన సీపీఎంకు ప్రధాన కార్యదర్శి అయ్యారు, ఆ ఏడాది ఆఖర్లోనే అరెస్టులు జరిగాయి, మళ్లీ బయటికొచ్చింది 1966లో. అప్పుడాయన గన్నవరం ఎమ్మెల్యే. నువ్వు జైలు గోడల గురించి చక్కగా రాశావు కానీ, ఆ కాలంలో గన్నవరం రైతు తన అర్జీ పట్టుకుని ఎవరి గడప తొక్కాడు? ఒకే మనిషి మీద పార్టీ బరువు, నియోజకవర్గం బరువు రెండూ పడితే ఏది వెనకబడింది? ఆయన మీద నీకున్న గౌరవం ఈ ప్రశ్న అడగనివ్వడం లేదు. అడుగు. సభలో అంతమందిని నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి గురించి ప్రశ్నలు లేకుండా పుస్తకం రాస్తే ఎలా?

నవలగా మార్చమంటారా, ఎవరు వేస్తారు, సొంతంగా వేసుకోనా అని ఏవేవో అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందుమాట సంగతీ అంతే.

ఇప్పటికి కర్నూలు సభ ఒక్కటే పట్టుకో, 1955 నుంచి 1956 అక్టోబరు దాకా. ఆ రోజుల జమీన్ రైతు వారపత్రిక సంచికలు ఎవరి దగ్గరున్నాయో నెల్లూరులో వాకబు చెయ్యి, చర్చల సంపుటాలతో పక్కపక్కన పెట్టుకుని చదువు. ఏ తేదీన ఏం అడిగారో పక్కన రాసుకో. అధ్యాయం అయ్యాక ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోన్‌లో నేను చదవలేను. మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, నాకు రాసుకోవడానికి చోటు కావాలి.