చైనాలో అడవి పెరిగింది, బ్రెజిల్‌లో తగ్గింది అంటారు. సహజంగా పెరిగిన అడవిని మాత్రమే లెక్కేస్తే?

దిశ మారదు గానీ చైనా పెరుగుదల బాగా చిక్కిపోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2020 లెక్కల్లో చైనా మొత్తం అడవి 1990లో సుమారు 15.7 కోట్ల హెక్టార్లు, 2020కి 22 కోట్లు. అందులో దాదాపు 8.5 కోట్లు మనుషులు నాటినదే. అది తీసేస్తే మిగిలేది 13.5 కోట్లు (1990 నాటి 15.7 కోట్లలోనూ నాటిన అడవి ఉంది, కాబట్టి ఈ రెండు అంకెల్ని నేరుగా పోల్చకూడదు). బ్రెజిల్ 58.9 కోట్ల నుంచి 49.7 కోట్లకు పడిపోయింది, కానీ నాటిన అడవి 1.1 కోట్లే. అంటే ఇంత నష్టపోయాక కూడా సహజ అడవి చైనాకి మూడున్నర రెట్లు!

ఇక్కడే ఒక తిరకాసు. కాగితం గుజ్జు కోసం వరసలు కట్టి నాటిన నీలగిరి తోట (మన జామాయిలే) కూడా ఎఫ్‌ఏఓ లెక్కలో అడవే, కాకపోతే 'నాటిన' ఖాతాలో. పశువుల మేతకు నరికి, వదిలేశాక రాలిన గింజల నుంచి మళ్లీ మొలిచిన చెట్లేమో 'సహజం' ఖాతాలోకి వస్తాయి, వందల ఏళ్ల అమెజాన్ మానుల పక్కనే. కాబట్టి మొత్తం అంకె ఒక్కటే చూడకండి, అందులో ఆదిమ అడవి (మనుషుల చెయ్యి పడని సహజ అడవి) ఎంతో విడిగా చూడండి.