జన్యువుల బొమ్మకు రంగులు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: గుంటూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టుకు రొమ్ము క్యాన్సర్ కణాల ఆర్‌ఎన్‌ఏ డేటా తీసుకున్నాను. 400 జన్యువుల జాబితాను నెట్‌వర్క్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ సైటోస్కేప్‌లో స్ట్రింగ్ (ప్రొటీన్ల మధ్య సంబంధాల డేటాబేస్) యాప్ ద్వారా నెట్‌వర్క్‌గా మార్చాను. ఏ జన్యువు పెరిగిందో, ఏది తగ్గిందో రంగుల్లో చూపిద్దామని నా పట్టిక కలిపితే ఒక్కదానికీ విలువ రాలేదు. బొమ్మ చూస్తే చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంది.

జవాబు: పేర్లు కలవడం లేదమ్మా, అంతే. పట్టికను జోడించేటప్పుడు సైటోస్కేప్ మామూలుగా 'షేర్డ్ నేమ్' కాలమ్‌తో పోల్చి చూస్తుంది. స్ట్రింగ్ తెచ్చిన నెట్‌వర్క్‌లో ఆ కాలమ్‌లో టీపీ53 లాంటి జన్యువుల పేర్లు ఉండవు, 9606తో మొదలయ్యే ప్రొటీన్ గుర్తులుంటాయి. 9606 అంటే అమెరికా జన్యు సమాచార కేంద్రం ఎన్‌సీబీఐ జాబితాలో మనిషి జాతి నంబరు. ఇంపోర్ట్ విండోలో 'కీ కాలమ్ ఫర్ నెట్‌వర్క్' దగ్గర 'క్వెరీ టర్మ్' ఎంచుకోండి. మీరు మొదట ఇచ్చిన పేర్లు అందులో అలాగే ఉంటాయి.

అప్పటికీ నాలుగైదు మిగిలిపోతే ఎక్సెల్‌ను అనుమానించండి. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంది. ఈ బాధ పడలేకే, మనిషి జన్యువులకు పేర్లు పెట్టే సంస్థ హెచ్‌జీఎన్‌సీ 2020 నాటికి వాటిని సెప్టిన్2, మార్చ్ఎఫ్1గా మార్చింది. పాత డేటాలో మాత్రం పాత పేర్లే ఉంటాయి. ఒకసారి తేదీగా మారాక టెక్స్ట్ ఫార్మాట్ పెట్టినా అసలు పేరు తిరిగి రాదు. ఒరిజినల్ ఫైలునే, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకుని మళ్లీ తెరవాలి.

రంగుల కోసం స్టైల్‌లో ఫిల్ కలర్‌కు ఫోల్డ్ చేంజ్ (జన్యువు ఎన్ని రెట్లు పెరిగింది, తగ్గింది) లాగ్ విలువల కాలమ్ ఇచ్చి, విలువను బట్టి రంగు క్రమంగా మారేలా 'కంటిన్యూయస్ మ్యాపింగ్' పెట్టండి. సున్నా అంటే మార్పు లేదని, అక్కడ తెలుపు ఉండాలి.

ఇక దారపు ఉండ సంగతి. స్ట్రింగ్ మామూలుగా 0.4 నమ్మకపు స్కోరు (గరిష్ఠం 1) దాటిన సంబంధాలన్నీ తెస్తుంది. దాన్ని 0.7 చేయండి, చాలా గీతలు పోతాయి. 400 జన్యువుల ముద్దను రిపోర్టులో అతికించడం నాకు అస్సలు నచ్చదు, చూసేవాళ్లకు అందులో ఏమీ కనిపించదు. టీపీ53 బెజవాడ జంక్షన్‌లా మధ్యలో కూర్చుంటే అదే ముఖ్యమని వెంటనే రాసేయకండి. దానిమీద పరిశోధనలు ఎక్కువ జరిగాయి కాబట్టి కూడా గీతలు ఎక్కువ. పైగా మామూలు స్ట్రింగ్ గీత 'ఈ రెంటికీ సంబంధం ఉంది' అని మాత్రమే చెబుతుంది. ఏది దేన్ని ప్రేరేపిస్తుందో, ఏది దేన్ని ఆపుతుందో బాణాలతో కావాలంటే పాత్‌వేల (కణంలో జరిగే చర్యల వరుసల) బొమ్మలిచ్చే వికీపాత్‌వేస్ యాప్ వేసుకుని, ఆ పాత్‌వే మీద మీ విలువలు పరచండి.

ప్రశ్న: దీనికి 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలదా? – విజయవాడ పాఠకుడు

జవాబు: కొన్ని వందల జన్యువులకు హాయిగా చాలు. బొమ్మతోపాటు సెషన్ ఫైలు (మీ పని మొత్తం దాచే సైటోస్కేప్ ఫైలు) కూడా సేవ్ చేసుకోండి. ప్రింటుకు స్క్రీన్‌షాట్ ఇవ్వకండి, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఎంత పెద్దది చేసినా అక్షరాలు చెదరవు.