చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఊరి దగ్గర పెడితే భయపడాలా?

శ్రీకాకుళం పక్కన మీ ఊరికి చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు వస్తోందట, ఆరోగ్యానికి ప్రమాదమా అని అడిగారు. సరిగ్గా నడపకపోతే ప్రమాదమే. కానీ అందరూ పొగగొట్టం వైపే చూస్తారు, నేను లోపలికెళ్ళే చెత్తను చూడమంటాను.

మాది విజయనగరం జిల్లా. ఇంటికి కాస్త దూరంలో డంపింగ్ యార్డు. మొన్న వేసవిలో మా వదిన మేడ మీద వడియాలు పెట్టింది. ఆ రాత్రే యార్డు అంటుకుంది. ఎండకు రాజుకుందో, ఎవరైనా అంటించారో మనకెవరు చెబుతారు! తెల్లారి చూస్తే వడియాల మీద నల్ల నువ్వులు చల్లినట్టు మసి. గోటితో గీకితే రాలదు, జిడ్డుగా సాగుతుంది. అదంతా కాలిన ప్లాస్టిక్. ఆయాసం ఉన్న మా నాన్న కిటికీలు మూసుకుని ఇన్‌హేలర్ పట్టుకుని రాత్రంతా కూర్చునే ఉన్నారు.

ప్లాంటు అనగానే డయాక్సిన్లని (చెత్త సరిగ్గా కాలనప్పుడు పుట్టే విషాలు) టెన్షన్ పడేవాళ్ళు, అవి ఇలాంటి యార్డు మంటల్లోనూ పుడతాయని మరిచిపోతారు. ఇక్కడ ఫిల్టరూ లేదు, గొట్టమూ లేదు.

అలాగని ప్లాంటు వస్తే బాధ తీరదు. డయాక్సిన్లు నశించాలంటే ప్లాంటు పొయ్యిలో వేడి 850 డిగ్రీలకు తగ్గకూడదు, ఆ పొగ కనీసం 2 సెకన్లు ఆ వేడిలో ఉండాలి. మనమిచ్చే చెత్తేమో అన్నం, అరటి తొక్కలు, కొబ్బరి బొండాలు. తడి చెత్త ఆ వేడిని నిలవనిస్తుందా? చెత్త వేరు చేసివ్వమని క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంలో ఇంటికి మూడేసి బుట్టలిచ్చారు. మా వీధిలో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో ఉల్లిపాయలు. పోనీ మేం వేరు చేసిచ్చినా బండిలో కలిసిపోతుంది. అడిగితే, "ఏటి సేత్తాం బాబూ, బండొకటే గదా" అంది చెత్త తీసుకెళ్ళే అప్ప. ఆమె తప్పేముంది?

విశాఖ దగ్గర కాపులుప్పాడలో 2022లోనే 15 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. ప్లాంటు పెట్టేవాళ్ళు దాన్ని చూపించి మిమ్మల్ని ఒప్పించబోతారు. మీరు బూడిద సంగతి అడగండి. కాల్చాక చెత్త మాయమైపోదు. ఫిల్టర్లలో పట్టిన సన్నటి బూడిదలో సీసం, కాడ్మియం లాంటి విషాలు ఎక్కువగా ఉంటాయి. దాన్ని ఏ చెరువు గట్టున పోస్తారు? గొట్టంలోంచి వచ్చే పొగలో డయాక్సిన్ల పరిమితి ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము. ఆ పరీక్ష రిపోర్టు పంచాయతీ గోడకు అంటిస్తారా?

సభ పెడితే ఈ రెండూ ముందు అడగండి. ఉద్యోగాలెన్ని అని మాత్రం మొదలుపెట్టొద్దు, దానికి జవాబు వాళ్ళు ఇంటి దగ్గరే రాసుకొస్తారు.