సముద్రానికి ఎదురుగా ఇల్లు కొనబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన ఫోటోలు అందాయి. ఫోటోలన్నీ సముద్రానివే. ఇల్లు కొనబోతూ ఇంటి గోడ ఒక్కటైనా చూపించలేదంటే మీ ఇద్దరి మనసు ఎక్కడుందో అర్థమైంది. నేను కట్టడాల మరమ్మతు పనిలో తల పండినవాణ్ణి. నాకు గోడలు చూడటమే అలవాటు. అలల అందం గురించి ఈ ఉత్తరంలో ఏమీ ఉండదు, విసుక్కోకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రం దగ్గర ఉండండి, కానీ సముద్రానికి ఎదురుగా కొనకండి. నాలుగైదు వీధులు లోపలికి వెళ్లి వెతకండి. అది కూడా ఆ పేటలో ఒక ఏడాది అద్దెకు ఉన్న తర్వాతే. అద్దె కట్టడమంటే డబ్బు నీళ్లలో పోయడమేనని అల్లుడుగారు అంటారని తెలుసు. ఆయనతో వాదించడానికి కావలసిన సరుకంతా కింద రాస్తున్నాను.

ముందు ఉప్పు సంగతి. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అల విరిగినప్పుడల్లా నురుగులోని బుడగలు పగిలి సన్నటి తుంపర గాలిలోకి లేస్తుంది. అందులోని నీరు ఆరిపోయినా ఉప్పు గాలిలోనే ఉండి, ఎదురైన ప్రతి వస్తువు మీదా పేరుకుంటుంది. పెద్ద తుంపరలు బరువుకు త్వరగానే రాలిపోతాయి కాబట్టి ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే దెబ్బ ఎక్కువ. ఆ తర్వాత బాగా తగ్గిపోతుంది. మధ్యలో ఇళ్ల వరసలు, చెట్లు అడ్డుంటే మరింత తగ్గుతుంది. నాలుగైదు వీధులు అన్నది ఇందుకే. చల్లగాలి అక్కడిదాకా వస్తుంది, ఉప్పు మాత్రం అంతగా రాదు.

ఉప్పుతో అసలు చిక్కు ఏమిటంటే అది గోడను ఆరనివ్వదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరుగుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. అంటే చినుకు పడని రోజున కూడా ఎదురు వరసలోని ఇంటి కిటికీ ఊచలు, బయటి గోడ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లోని అల్యూమినియం రేకులు కంటికి కనిపించని తడిలో నానుతూనే ఉంటాయి. ఇనుము తుప్పు పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? కాంక్రీటు లోపలి చువ్వలను కాపాడేది ఆ కాంక్రీటులోని క్షారగుణమే. దానివల్ల చువ్వ మీద ఒక సన్నటి రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ మెల్లగా లోపలికి దిగి ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల ఖాళీ ఎక్కడుంది? కాంక్రీటును పగలగొట్టుకుని బయటపడుతుంది. మన వాళ్లు పెచ్చులు ఊడుతున్నాయంటారే, చాలాసార్లు జరిగేది అదే. పైన సిమెంటు పూసి రంగు వేస్తే లోపలి తుప్పు ఆగదు.

కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బాల్కనీలో నిలబడి ముందుకు చూడకు. తల పైకెత్తి పై అంతస్తు బాల్కనీ అడుగు భాగం చూడు. వంకరటింకర పగుళ్లు చాలావరకు ప్లాస్టరింగ్‌వే. వాటికి కంగారు పడనక్కర్లేదు. తిన్నగా, ఒకదానికొకటి సమాన దూరంలో నడిచే పగుళ్లు, వాటి అంచున ఇటుకరంగు మరకలు కనిపిస్తే చువ్వలు పోతున్నాయని లెక్క. చిన్న సుత్తితో తట్టు. మంచి కాంక్రీటు ఖంగుమంటుంది. పొర విడిపోయిన చోట బోలుగా మోగుతుంది. ఈ తేడా తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు, చెవులుంటే చాలు. గోడలకు కొత్తగా రంగు వేసి ఉంటే మరింత జాగ్రత్తగా ఉండాలి. పొద్దు వాలాక ఏటవాలు ఎండలో చూస్తే రంగు కింద దాచిన సిమెంటు అతుకులు ఎత్తుపల్లాలుగా బయటపడతాయి. రెయిలింగ్ గొట్టం నేలలోకి దిగే చోటు వేలితో తడిమి చూడు. నీరు నిలిచేది అక్కడే కాబట్టి ముందుగా పోయేదీ అక్కడే. కిటికీ బందుల మరలు, కింద పార్కింగ్‌లో స్తంభాల మొదళ్లు, లిఫ్ట్ గుంత అడుగు కూడా చూపించమను. లిఫ్ట్ గుంతలో నీరు కనిపిస్తే అది ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా బేరం మాట ఎత్తకు. చూపించడానికి ఎవరైనా మొహమాటపడితే, నీకు జవాబు దొరికినట్టే.

ఇంత చెబుతున్నాడు, పెదనాన్నకు చాదస్తం అనుకుంటావేమో. అమెరికాలో ఫ్లోరిడా తీరాన సర్ఫ్‌సైడ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ 1981లో కట్టిన ఛాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల భవనంలో ఒక పెద్ద భాగం 2021 జూన్ 24 తెల్లవారుజామున కుప్పకూలింది. 98 మంది చనిపోయారు. అది ఉప్పు వల్లే కూలిందని నేను అనను. ఈతకొలను చుట్టూ ఉన్న స్లాబు డిజైన్‌లోనే బలం తక్కువైందని తర్వాతి ప్రభుత్వ దర్యాప్తు చెప్పింది. నేను చెప్పదలచింది వేరే సంగతి. ఆ స్లాబులో నీరు దిగుతోందని, కాంక్రీటు దెబ్బతిన్నదని ఒక ఇంజనీరు 2018లోనే నివేదిక ఇచ్చాడు. ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలన్న తర్జనభర్జనలో ఏళ్లు గడిచిపోయాయి. పెద్ద మరమ్మతు మొదలయ్యేలోపే భవనం పడిపోయింది.

ఫ్లాటు కొనడమంటే నాలుగు గోడలు కొనడం కాదమ్మా, ఆ నివాసితుల సంఘాన్ని కూడా కొనుక్కుంటున్నావు. సముద్రం పక్కన మరీను. లోపలి ఊళ్లో పదేళ్లకోసారి చేసే పని ఇక్కడ నాలుగైదేళ్లకే వస్తుంది. కాబట్టి సంఘం లెక్కలు, గడిచిన కొన్నేళ్ల సమావేశాల తీర్మానాలు అడిగి చదువు. మరమ్మతుల కోసం విడిగా నిధి ఉందా, నెలవారీ మెయింటెనెన్స్ ఎంతమంది ఎగ్గొడుతున్నారు, కట్టడం బలాన్ని చివరిసారి పరీక్షించినది ఎప్పుడు, ఆ నివేదిక ఏమంది అన్నవి తెలియాలి. మెయింటెనెన్స్ తక్కువని అమ్మేవాళ్లు గొప్పగా చెబితే మురిసిపోకు. సముద్రం ఒడ్డున తక్కువ మెయింటెనెన్స్ అంటే వాయిదా వేసిన మరమ్మతు.

ఇంకో చిట్కా. సెలవు కాని రోజు రాత్రి ఎనిమిది గంటలకు ఆ భవనం ఎదుట నిలబడి ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టు. సగానికి పైగా చీకటిగా ఉంటే యజమానులు అక్కడ ఉండటం లేదు. సెలవులకు వచ్చేవాళ్లో, రోజువారీ అద్దెకు ఇచ్చేవాళ్లో అయి ఉంటారు. అలాంటివాళ్లు సమావేశాలకు రారు, పెద్ద ఖర్చుకు ఒప్పుకోరు. లిఫ్ట్ పాడైతే మెట్లెక్కేది మీరు, వాళ్లు కాదు.

నీటి విషయానికి వస్తే, ఉప్పెనలు, తుపాన్ల గురించి నేను చెప్పనక్కర్లేదు, అందరూ చెబుతారు. ఎవరూ చెప్పనిది మురుగు కాలువ సంగతి. వాన నీటి కాలువలు చివరికి సముద్రంలోనే కలవాలి కదా. పోటు వేళ సముద్ర మట్టం కాలువ మూతి కంటే పైకి లేస్తే నీరు బయటికి పోదు సరికదా, వెనక్కి తన్నుతుంది. పౌర్ణమికీ అమావాస్యకూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకూ పోటు ఎక్కువ. సరిగ్గా ఆ వేళ గట్టి వాన పడితే మ్యాన్‌హోళ్ల నుంచి నీరు వీధిలోకి పొంగుతుంది. వానాకాలంలో అలాంటి ఒక రోజు చూసుకుని, పోటు ఎక్కువగా ఉన్న గంటలో ఆ వీధులన్నీ నడిచి చూడండి. ప్రహరీ గోడల మీద పాత నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడండి. ఇంటి ముందు గడప దగ్గర కొత్తగా ఎత్తు పెంచిన దిమ్మె కనిపిస్తే, ఎందుకు పెంచారో ఆ ఇంటివాళ్లనే అడగండి. ఏజెంటు మాట కంటే ఆ దిమ్మె మాట నిజం.

బోరు నీటి మీద ఆధారపడిన ఇల్లయితే ఇంకో లెక్క ఉంది. తీరంలో భూగర్భ మంచినీరు ఉప్పునీటి పైన తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, ఆ మట్టానికి కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. దీన్ని తిరగేసి చూడు. చుట్టుపక్కల బోర్లన్నీ తోడి తోడి పైమట్టాన్ని ఒక మీటరు దించితే, కాలక్రమంలో కింది ఉప్పునీరు 40 మీటర్లు పైకి జరుగుతుంది. ఒకసారి ఉప్పబడిన బోరు మళ్లీ తేరుకోవడం కష్టం. నీటిని పరీక్ష చేయించు, వేసవి చివర్లో చేయించు.

ఇక తీరం కదలడం. బీచి ఎంత వెడల్పుందో ఒక రోజు చూసి తేల్చుకోకూడదు. తుపాను ఇసుకను లాక్కుపోతుంది, ప్రశాంతమైన నెలల్లో అలలే చాలావరకు తిరిగి తెచ్చిపోస్తాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీకి ఉత్తరాన కొలరాయ్ తీరాన 2016 జూన్‌లో పెద్ద తుపాను, పెద్ద పోటు ఒకేసారి వచ్చినప్పుడు, ఒక ఇంటి పెరట్లోని ఈతకొలను ఉన్నపళంగా ఊడి ఇసుకలో పడింది. అంతకు ముందు రోజు దాకా అది ఎంతో ముచ్చటైన పెరడు. ఓడరేవు గోడో, సముద్రంలోకి కట్టిన రాతికట్టో దగ్గర్లో ఉంటే తీరం వెంట కదిలే ఇసుక ఒక పక్క ఆగిపోతుంది. ఆ పక్క బీచి పెరుగుతుంది, రెండో పక్క కోసుకుపోతుంది. మీరు చూస్తున్న పేట ఏ పక్కన ఉందో పాత ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. సముద్రపు గోడ కట్టారు కాబట్టి భయం లేదంటారు. ఆ గోడ తన వెనకున్న ఇంటిని కాపాడుతుంది, ముందున్న ఇసుకను కాదు. కొన్నాళ్లకు బీచి కోసం వెళ్లినవాళ్లకు గోడే మిగులుతుంది. పైగా సముద్ర మట్టమే పెరుగుతోంది. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. అందులో 2006 నుంచి 2018 దాకా వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. ఈ అంకె చిన్నదిగా అనిపిస్తుంది కానీ, వాలు తక్కువగా ఉన్న తీరంలో నీరు నిలువునా ఎంత పెరిగితే అడ్డంగా దానికి ఎన్నో రెట్లు లోపలికి వస్తుంది.

కాగితాల విషయంలో వకీలు ఉంటాడు కాబట్టి ఎక్కువ రాయను. రెండు మూడు మాటలు మాత్రం గుర్తుపెట్టుకో. చాలా దేశాల్లో పోటు గీత నుంచి ఇంత దూరంలోపు కొత్త కట్టడాలు కూడదన్న నిబంధనలు ఉంటాయి, ఆ గీతను మళ్లీ మళ్లీ సవరిస్తుంటారు కూడా. ఉన్న ఇల్లు ఉండవచ్చు, కానీ అది దెబ్బతింటే అదే చోట మళ్లీ కట్టుకోనిస్తారా అన్నది రాతపూర్వకంగా తెలుసుకో. మీరు ఎక్కువ ధర పెట్టేది సముద్రం కనిపిస్తుందనే కదా, ఆ కనిపించడం దస్తావేజులో ఎక్కడా రాసి ఉండదు. ముందు స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ పది అంతస్తులు లేవవచ్చు. బ్యాంకు అప్పు ఇరవై ఏళ్లది, ఇంటి బీమా సాధారణంగా ఏడాదికోసారి కొత్తగా రాసేది. నీ అప్పు తీరేలోపే బీమా కంపెనీ ధర రెట్టింపు చేయవచ్చు, అసలు రాయనని కూడా అనవచ్చు. అల్లుడుగారు లెక్కల మనిషి, ఈ ఒక్క విషయం ఆయనకు చదివి వినిపించు.

ఉండటంలో ఇబ్బందులు ఏడాది అద్దెకు ఉంటే వాటంతటవే తెలుస్తాయి. వారాంతంలో ఇంటికి కారు తెచ్చుకోవడానికి చోటు దొరుకుతుందా, బీచి రోడ్డు హోరు ఎన్నింటికి సద్దుమణుగుతుంది, గాలి ఎదురు తిరిగే నెలల్లో కిటికీలు తెరవగలరా, సీజను కానప్పుడు వీధిలో మనుషులు తిరుగుతారా అన్నవి ఒక్క పూట చూపులో తేలవు. ఆ అద్దె ఇల్లు కుదిరితే ఎదురు వరసలోనే తీసుకోండి. సరదా తీరుతుంది, తుప్పు ఇంటి యజమానికి పోతుంది!

చివరికి లోపలి వీధిలో కొన్నా, బయట వాడే స్టీలు 316 రకమే అడగాలి. అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి క్లోరైడ్‌ను మామూలు 304 కంటే బాగా తట్టుకుంటుంది. దానికి కూడా నెలకోసారైనా మంచినీటి స్నానం తప్పదు.

ఆ రెండో అంతస్తు ఫ్లాటు వాళ్లు అడ్వాన్సు కోసం తొందర పెడుతున్నారన్నావు. సంఘం తీర్మానాల నకలు వచ్చేదాకా పైసా ఇవ్వకు. వచ్చాక నాకు కూడా ఒక ప్రతి పంపు, ఎర్ర సిరాతో గీతలు గీసి తిప్పి పంపిస్తాను. అల్లుడుగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న