విడాకుల తర్వాత గ్రీన్ కార్డు: పాత కేసు అడ్డొస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. 2019లో ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ వచ్చాను. 2020లో ఒక దుకాణంలో సుమారు 120 డాలర్ల వస్తువులకు బిల్లు కట్టలేదని దొంగతనం కేసు పెట్టారు. తప్పు ఒప్పుకున్నాను. కోర్టు ఆరు నెలలు ప్రొబేషన్‌లో (జైలుకు పంపకుండా కోర్టు పర్యవేక్షణలో) ఉంచి, తర్వాత కేసు కొట్టివేసింది. 2023లో అమెరికా పౌరుడైన తెలుగు అబ్బాయితో పెళ్లయి, రెండేళ్ల గ్రీన్ కార్డు వచ్చింది. ఇప్పుడు ఇక్కడి కోర్టులోనే విడాకుల కేసు నడుస్తోంది. కార్డు గడువు ఇంకా నాలుగు నెలలే ఉంది. దాన్ని రద్దు చేయిస్తానని ఆయన బెదిరిస్తున్నారు. చెల్లెలి పెళ్లికి ఇంటికి వెళ్లి రావచ్చా?

జవాబు: మీ కార్డును రద్దు చేయించే అధికారం మీ భర్తకు లేదు. ముందు ఆ భయం వదిలేయండి. ఆయన ఫిర్యాదు చేస్తే అధికారులు దాన్ని పరిశీలించవచ్చు గానీ, నిర్ణయం వారిదే. మీ వివాహం నిజమైనదా కాదా అన్నదే అక్కడ తేలవలసిన విషయం.

రెండేళ్ల కార్డు షరతులతో కూడినది. కాపురం సాగుతూ ఉంటే గడువుకు ముందున్న 90 రోజుల్లో ఆ షరతులు తొలగించమని దంపతులిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వేయాలి. విడాకులు తీసుకున్నవారు భర్త సంతకం లేకుండా ఒంటరిగా మినహాయింపు కోరుతూ అదే దరఖాస్తు వేసుకోవచ్చు. దానికి ఆ 90 రోజుల నియమం వర్తించదు కాబట్టి డిక్రీ చేతికి రాగానే, అంటే కార్డు గడువు ముగియకముందే, పంపవచ్చు. టెక్సాస్‌లో పిటిషన్ వేసిన తర్వాత సాధారణంగా కనీసం 60 రోజులు ఆగితే గానీ విడాకులు మంజూరు కావు గనుక తేదీలు ఇప్పుడే లెక్క వేసుకోండి. మన ఊళ్లో పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న విడిపోయే ఒప్పందం ఇక్కడ పనికిరాదు, కోర్టు డిక్రీయే కావాలి. ఆయన మిమ్మల్ని కొట్టినా, తీవ్రంగా హింసించినా అందుకు వేరే మినహాయింపు ఉంది, దానికి విడాకులు పూర్తి కావలసిన పని లేదు.

పెళ్లి నిజాయితీగా జరిగిందని రుజువు చేయవలసిన భారం మీదే. పెళ్లి ఫొటోల కంటే ఇద్దరి పేర్ల మీద ఉన్న అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, కలిసి వేసిన పన్ను రిటర్నులు, బీమా కాగితాలు ఎక్కువ బరువు తూగుతాయి. వీటిలో చాలావరకు భర్త దగ్గరే ఉండిపోవడం మన కుటుంబాల్లో మామూలు కాబట్టి, ఖాతాల్లోకి ప్రవేశం ఉండగానే మీ ప్రతులు మీరు దింపుకోండి. మీ కాపురాన్ని దగ్గర నుంచి చూసిన ఇద్దరు ముగ్గురి చేత ప్రమాణ పత్రాలు రాయించండి.

ఇక మీ పాత కేసు. నాకు మీ ఉత్తరంలో విడాకుల కంటే ఎక్కువ ఆలోచన కలిగించినది ఇదే, ఎందుకంటే కేసు కొట్టేశారు గనుక శిక్ష పడనట్టేనని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఇమ్మిగ్రేషన్ చట్టం అలా చూడదు. తప్పు ఒప్పుకుని, కోర్టు ఏ రూపంలోనైనా ఆంక్ష విధించిందంటే, తర్వాత కొట్టివేసినా, రికార్డును మూసివేసినా, అది శిక్ష కిందికే వస్తుంది. దొంగతనాన్ని నైతిక పతనాన్ని సూచించే నేరంగా పరిగణిస్తారు. అయినా మీ విషయంలో ఊరట ఉంది. టెక్సాస్‌లో 100 నుంచి 750 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ బి నేరం, దానికి గరిష్ఠ శిక్ష 180 రోజుల జైలు. దేశం నుంచి పంపివేయడానికి ఇలాంటి నేరం ఒక్కటే కారణం కావాలంటే ఏడాది గానీ అంతకు మించి గానీ శిక్షకు అవకాశం ఉండాలి. మీది ఆ పరిధిలోకి రాదు. తిరిగి దేశంలోకి రానివ్వకుండా ఆపే నిబంధనలోనూ ఇలాంటి చిన్న నేరం ఒక్కటైతే మినహాయింపు ఉంది. రెండోది జరిగితే ఈ రక్షణలు రెండూ పోతాయి. చిన్న గొడవకు పోలీసులు పెట్టిన కేసులో కూడా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా నేరం ఒప్పుకోకండి.

నాకు తెలియవలసింది ఒకటుంది. గ్రీన్ కార్డు దరఖాస్తులో అరెస్టు గురించి అడిగినచోట మీరు ఏమని రాశారు? ఈ కేసు సంగతి అప్పుడే చెప్పి ఉంటే చిక్కు లేదు. "లేదు" అని రాసి ఉంటే, అసలు నేరం కంటే ఆ జవాబే పెద్ద సమస్య, ఎందుకంటే వేలిముద్రల తనిఖీలో పాత అరెస్టు బయటపడుతుంది. అలాగైతే ఐ-751 వేయకముందే, ప్రయాణం చేయకముందే న్యాయవాదిని స్వయంగా కలిసి మొత్తం ఫైలు చూపించండి.

అప్పుడు నిజం చెప్పి ఉంటే చెల్లెలి పెళ్లికి వెళ్లిరావచ్చు. ఐ-751 దరఖాస్తు అందినట్టు వచ్చే రసీదు, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న విధానం ప్రకారం, గడువు తీరిన కార్డును 48 నెలలు పొడిగిస్తుంది. ఆ రసీదు అసలు ప్రతి, కార్డు, కోర్టు క్లర్కు ధ్రువీకరించిన కేసు తీర్పు నకలు చేతిసంచిలో ఉంచుకోండి, చెక్-ఇన్ సామానులో వేయకండి. తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో మిమ్మల్ని పక్కకు పిలిచి ప్రశ్నించే అవకాశం ఉంది. కార్డు వదులుకుంటున్నట్టుగా ఐ-407 కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి; ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు వాదించుకునే హక్కు మీకుంది.