ప్రైవేటు బడిలో మార్కులు ఎక్కువ వస్తున్నాయంటే అది బడి గొప్పతనమేనా?

ఊళ్ళో సర్కారు బడి మూడో తరగతి పిల్లల సగటు 48, కాన్వెంటు పిల్లల సగటు 71 అట. ఆ 23 మార్కులూ కాన్వెంటు నేర్పినవేనా, అప్పు చేసైనా అక్కడే వెయ్యాలా అన్నది మీ ప్రశ్న. ఆ రెండు అంకెలు చూసి అందులో బడి వాటా ఎంతో, ఇంటి వాటా ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. ర్యాంకుల ఫ్లెక్సీ కట్టించిన కరెస్పాండెంటు తరం అసలే కాదు.

కాన్వెంటు ఆటో ఎక్కే పిల్ల ఇంట్లో చాలాసార్లు అమ్మ పదో తరగతి దాకా చదివి ఉంటుంది. హోంవర్కు దగ్గర కూర్చోబెడుతుంది. సాయంత్రం ట్యూషన్ ఉంటుంది. పత్తి తీతల రోజుల్లో కూడా ఆ పిల్ల బడి మానదు. సర్కారు బడిలో ఆ రోజుల్లో సగం మంది రారు. అంటే బడి గేటు దాటకముందే కొన్ని మార్కులు జేబులో పడిపోయాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1966లో అమెరికాలో వచ్చిన కోల్‌మన్ నివేదిక సుమారు 4 వేల బడుల్లో 6 లక్షల మంది పిల్లలను చూసి, మార్కుల తేడాలకు బడి వసతులకన్నా ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని చెప్పింది.

"తల్లిదండ్రుల చదువు, ఆదాయం సమానంగా ఉన్నవాళ్ళను పోల్చితే పోలా?" అంటారు. పోదు. ఒకే జీతం, ఒకే చదువు ఉన్న రెండు ఇళ్ళలో ఒక ఇల్లు పిల్ల చదువు కోసం గేదెను అమ్ముతుంది, ఇంకో ఇల్లు అమ్మదు. ఆ పట్టుదలకు సర్వే ఫారంలో గడి లేదు. దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలంటే ఒకటే దారి, చీట్లు వెయ్యడం.

ఆ పని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది, మనవాళ్ళకే సరిగా తెలియదు. 2008లో 5 జిల్లాల్లో 180 ఊళ్ళు తీసుకున్నారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పరిశోధన అది. క్షేత్రంలో నడిపింది అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్. ముందు అన్ని ఊళ్ళలోనూ సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులను అడిగారు: ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు మేం పెట్టుకుంటే ప్రైవేటు బడికి పంపుతారా? పంపుతామన్నవాళ్ళ దగ్గర దరఖాస్తులు తీసుకున్నారు. తర్వాత రెండుసార్లు చీట్లు వేశారు. మొదటి విడత ఊళ్ళకు, 90 ఊళ్ళకు పథకం తగిలింది. రెండో విడత ఆ 90 ఊళ్ళలో దరఖాస్తు పెట్టుకున్న పిల్లలకు.

కీలకం ఇక్కడే ఉంది. చీటీ తగిలిన పిల్ల, తగలని పిల్ల, ఇద్దరి అమ్మలూ దరఖాస్తు పెట్టినవాళ్ళే. ఇద్దరి ఇళ్ళలోనూ పట్టుదల ఉన్నట్టే. ఇక వాళ్ళ మధ్య తేడా అంటూ ఉంటే అది చీటీ తెచ్చిన తేడా. మిగతా 90 ఊళ్ళు ఎందుకంటే, పిల్లలు ప్రైవేటుకు వెళ్ళిపోతే సర్కారు బడిలో మిగిలినవాళ్ళ చదువు దెబ్బ తింటుందా అన్నది చూడటానికి. దెబ్బ తినలేదు.

నాలుగేళ్ళ తర్వాత బడులతో సంబంధం లేకుండా పరీక్ష పెట్టారు. తెలుగులో తేడా లేదు. లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్ళినవాళ్ళు చాలా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడిలో హిందీ చెప్పరు కాబట్టి అది వింత కాదు. మీ 23 మార్కుల లాంటి తేడాలో ఎక్కువ భాగం ఇంటి నుంచి వచ్చిందేనని నేను ఘంటాపథంగా అనడానికి ఇదే ఆధారం.

అలాగని సర్కారు బడి గెలిచిందని చప్పట్లు కొట్టకండి. టైంటేబుల్ చూడండి. ప్రైవేటు బడులు తెలుగుకు 40 శాతం తక్కువ సమయం, లెక్కలకు దాదాపు మూడో వంతు తక్కువ సమయం ఇచ్చాయి. మిగిలించిన పీరియడ్లను ఇంగ్లీషు, హిందీ, సైన్సు, సోషల్‌కు పంచాయి. తక్కువ పీరియడ్లతో అవే మార్కులు తెప్పించాయి, పైగా హిందీ కలిసొచ్చింది. వాటిలో టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కూడా ఉండేది కాదు. పిల్ల ఒక్కింటికి ఖర్చు మూడో వంతులోపే. ఈ ఫలితంలో టీచర్ల యూనియన్ల వాళ్ళు ఒక సగం, ప్రైవేటు యాజమాన్యాల వాళ్ళు ఇంకో సగం చదివి, మిగతాది మడిచి జేబులో పెట్టుకుంటారు.

ఇంకో విసుగు కూడా చెప్పేస్తాను. ఇదే రాష్ట్రంలో 2005 నుంచి టీచర్ల బోనస్ మీద ఒక ప్రయోగం చేశారు. పిల్లల సగటు ఒక శాతం పెరిగితే 500 రూపాయలు. రెండేళ్ళకు లెక్కల్లో 0.27 ప్రామాణిక విచలనం మెరుగు కనిపించింది. ప్రామాణిక విచలనం అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ఇలాంటి అంకెను "మార్కులు 27 శాతం పెరిగాయి" అని చదివేవాళ్ళున్నారు. దాని అర్థం అది కాదు. వంద మందిలో సరిగ్గా మధ్యన, 50వ స్థానంలో ఉన్న పిల్ల సుమారు 40వ స్థానానికి ఎక్కింది, అంతే. చదువుల్లో అది మంచి ఎదుగుదలే, కానీ 27 శాతం కాదు.

పదో తరగతి శాతాలు చూసి బడి ఎంచుకోవడంకన్నా బొమ్మా బొరుసూ వేసుకోవడం నయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం, 2022లో 67.26. మూడేళ్ళలో పిల్లలు మొద్దుబారిపోయారా? 2019లో బడిలో టీచర్లు వేసే 20 ఇంటర్నల్ మార్కులు కలిసేవి, ఆ తర్వాత తీసేశారు. మధ్యలో కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. 2020, 2021లో పరీక్షలు లేకుండానే అందరినీ పాస్ చేశారు. కొలబద్దా మారింది, కొలిచే గుడ్డా చిరిగింది. ఇక ఏ ఏడాదిని ఏ ఏడాదితో పోలుస్తారు?

ఒకే ఏడాదిలో రెండు బడులను పోల్చినా భాగహారంలో కింది అంకె అడక్కుండా వదలకండి. ఉదాహరణకు తొమ్మిదిలో 120 మంది ఉన్నారనుకుందాం. వెనకబడిన 24 మందికి వేసవిలో టీసీ చేతిలో పెట్టారు. పదిలో 96 మంది రాసి 96 మందీ పాసయ్యారు. ఫ్లెక్సీ మీద 100 శాతం. తొమ్మిదిలో ఉన్నవాళ్ళ లెక్కన 80 శాతం. అందుకని అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు "ఎంత మంది పాసయ్యారు" అనొద్దు. "రెండేళ్ళ కిందట ఎనిమిదిలో ఎంత మంది, ఈ ఏడాది పదో తరగతి హాల్‌టికెట్లు ఎన్ని" అని అడగండి. జవాబు నసిగితే మీకు కావలసింది తెలిసిపోయినట్టే. చిన్న బడుల్లో ఇంకో తిరకాసుంది. 8 మంది రాసే చోట ఒక్కరు తప్పితే 12.5 శాతం పడిపోతుంది, 200 మంది రాసే చోట అర శాతం. అందుకే జాబితా పైనా, అడుగునా ఎక్కువగా కనిపించేవి చిన్న బడులే. ఒక్క ఏడాది కాకుండా కనీసం మూడేళ్ళు కలిపి చూడాలి.

మరి పిల్లకు చదువొస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? పల్లెటూరి పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. వాళ్ళు బడిలో కాదు, ఇంటింటికీ వెళ్ళి ఒక్కో పిల్లను విడిగా పరీక్షిస్తారు. జిల్లాకు 30 ఊళ్ళు, ఊరికి 20 ఇళ్ళు. బడిలో పెడితే ఆ రోజు రానివాళ్ళూ, బడి మానేసినవాళ్ళూ లెక్కలోంచి జారిపోతారు. వాళ్ళే కదా అసలు చూడాల్సింది.

మీరు మొదట ఒకటో తరగతి స్థాయి పేరా ఇవ్వండి, నాలుగు చిన్న వాక్యాలు చాలు. కంఠస్థం వచ్చిన పాఠం వద్దు, పిల్ల ఎప్పుడూ చూడనిది కావాలి. మూడు తప్పులు దాటకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వండి. పేరా తడబడితే విడి పదాలకు దిగండి. అయిదు చదవమంటే నాలుగు రావాలి. అదీ రాకపోతే అక్షరాలు, అక్కడా అయిదుకి నాలుగు. "పుస్తకం" అన్నది "పుసతకం" అంటే ఒత్తు రాలేదు. "మేక"ను "మెక" అంటే గుణింతంలో దీర్ఘం దగ్గర ఆగిపోయింది. పక్కనుంచి అందించకండి, అన్నయ్యను గదిలో ఉండనివ్వకండి.

లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేతలు రెండివ్వండి. 52లోంచి 37 తీస్తే 25 అని రాసిందనుకోండి, తొందరపాటు అనుకోవద్దు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని నూరిపోస్తే వచ్చే తప్పు ఇది. పదేసి పుల్లల కట్టల్లో ఒకటి విప్పి చూపించండి, ఊరికే వంద లెక్కలు చేయించడంకన్నా అది నయం. రెండూ సరిగా చేస్తే 824ని 4తో భాగించమనండి. 26 అని రాస్తే మధ్యలో 2లో 4 పోనప్పుడు సున్నా వెయ్యాలన్నది తెలియదు. తీసివేతలే రాకపోతే రెండంకెల సంఖ్యలు చదివించండి.

ఇదంతా పది నిమిషాల పని. జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి అదే స్థాయి, వేరే పేరా, వేరే లెక్కలతో చెయ్యండి. పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో ప్రతిసారీ ఒక కాగితం మీద రాసుకోండి. 71 మార్కుల బడిలో పిల్ల ఏడాదంతా పేరా దగ్గరే ఉండిపోవచ్చు, 48 మార్కుల బడిలో పదాల నుంచి కథకు రావచ్చు. ముందే కథ చదివేసే పిల్లకు మాత్రం ఈ కాగితం చాలదు, పై తరగతి పాఠం పెట్టుకోవాలి. రెండు కాగితాల మీదా తేదీ వేసి దాచండి. ఏప్రిల్‌లో టీసీ అడగడానికి వెళ్ళే ముందు పక్కపక్కన పెట్టి చూసుకోండి.